మూసీ నీటికి తవ్విన కాలువ, వరదకు మిగిలిన నాలా: బుల్కాపూర్ నాలా పూర్వాపరాలు

హుస్సేన్ సాగర్‌లో కలిసే నాలుగు ప్రధాన నాలాల్లో కూకట్‌పల్లి, పికెట్, బంజారా నాలాలు వాన నీరు పల్లానికి దిగుతూ తనకు తానుగా చేసుకున్న దారులు కాగా, నాలుగోదైన బుల్కాపూర్ నాలాను మాత్రం మనుషులు తవ్వారు. టోలిచౌకి, షేక్‌పేట, మణికొండ పరిసరాలు మునిగినప్పుడల్లా ఆక్రమణల గురించి, పూడిక గురించి చర్చ జరుగుతుంది. అది జరగవలసిన చర్చే. అయితే ఈ కాలువ ఏ పనికి పుట్టింది, ఏ పనికి వాడుకలో మిగిలింది అన్నది తెలియకపోతే ఆ చర్చ సగంలోనే ఆగిపోతుంది.

గోల్కొండ రాజధానిగా ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలిస్తున్న కాలంలో, హైదరాబాద్ నగరానికి 1591లో పునాది పడటానికి దాదాపు మూడు దశాబ్దాల ముందు, 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ నిర్మాణం జరిగింది. చెరువు సొంత పరీవాహకం నుంచి వచ్చే నీటికి తోడుగా మూసీ నీటిని కూడా రప్పించడానికి, నేటి శంకర్‌పల్లి మండలంలోని బుల్కాపూర్ దగ్గర నది నుంచి ఒక కాలువ తీశారు. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, మణికొండ, షేక్‌పేట, టోలిచౌకి, మెహిదీపట్నం, మాసాబ్ ట్యాంక్, చింతల్ బస్తీల మీదుగా అది ఖైరతాబాద్ వైపు నుంచి సాగర్‌లోకి చేరుతుంది. మూసీ ఉపనది ఈసీ నీటిని ఇబ్రహీంపట్నం చెరువుకు తీసుకెళ్లేందుకు చాలా కాలం తర్వాత తవ్విన ఫిరంగి నాలా కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఇలాంటి నీటి కాలువ తవ్వడంలో ప్రధానమైన నేర్పు వాలును పొదుపుగా వాడుకోవడంలో ఉంటుంది. వేగంగా పల్లానికి దిగిపోతే నీరు దారిలోని చెరువులకూ కుంటలకూ అందదు, గట్లు కోసుకుపోతాయి. కాబట్టి నేల ఎత్తును పట్టుకుని, వంపులు తిరుగుతూ, మెల్లగా దిగేలా కాలువను నడిపిస్తారు. కాలువ మొదలయ్యే చోటికి దిగువన మూసీ మీదున్న గండిపేట జలాశయం నిండు మట్టానికీ హుస్సేన్ సాగర్ నిండు మట్టానికీ తేడా సుమారు 32 మీటర్లే అన్న సంగతిని బట్టి ఆ తవ్వకంలో ఎంత లెక్క అవసరమైందో ఊహించవచ్చు. కానీ వరద నీటిని త్వరగా బయటికి పంపే నాలాకు కావలసిన లక్షణాలు దీనికి పూర్తిగా భిన్నమైనవి. పక్కనున్న గుట్టల వాలును అడ్డంగా కోస్తూ సాగే కాలువలోకి పైనుంచి ప్రతి వానకూ నీరు దూకుతుంది, వచ్చినంత వేగంగా ముందుకు మాత్రం పోదు. నేటి ముంపులో ఈ అంశానికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వడం లేదని నా అభిప్రాయం.

కాలువ తలరాత మారింది 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద తర్వాత. నగరాన్ని కాపాడే మార్గం చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. దాని ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, అంటే గండిపేట, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నగరానికి తాగునీరు అక్కడి నుంచి రావడం మొదలయ్యాక 1930 నాటికి హుస్సేన్ సాగర్ తాగునీటి చెరువుగా ఉండటం మానేసింది. పైగా బుల్కాపూర్ కాలువ మూసీని వదిలే చోటు గండిపేటకు ఎగువన ఉంది. కొత్త జలాశయానికి చేరవలసిన నీటినే ఆ పాత కాలువ పంచుకోవలసి వచ్చేది. కబ్జాదారులు రావడానికి చాలా ముందే, ఈ కాలువ నీటితో నగరానికి అవసరం తీరిపోయింది. అవసరం లేని కాలువకు పూడిక తీసేవారూ, గట్టు కాసేవారూ మిగలరు.

ఆ తర్వాతి మార్పు నగరం పడమటికి పెరిగిన క్రమంలోనే వచ్చింది. కుతుబ్ షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన మా సాహెబా తలాబ్ ఇప్పుడు మాసాబ్ ట్యాంక్ అనే బస్తీ పేరులోనే మిగిలింది, దాని గర్భంలో పార్కు ఉంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేటల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ నిర్మాణాలకు తగిన మురుగు వ్యవస్థను సమకూర్చే శక్తి లేని గ్రామ పంచాయతీలే అక్కడ 2018లో మున్సిపాలిటీలు ఏర్పడేదాకా ఉన్నాయి. దగ్గరలో ఉన్న కాలువే మురుగుకు దారి అయింది.

2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన నగరాన్ని ముంచిన తర్వాత, కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ 2003లో ఇచ్చిన నివేదిక నాలాల వెడల్పు పెంచాలని సూచించింది. 2020 అక్టోబర్ 13 రాత్రి సుమారు 19 సెంటీమీటర్ల వాన పడినప్పుడు, షా హాతిం తలాబ్ పక్కనున్న టోలిచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీటిలోనే ఉంది. ఆ అనుభవం నుంచి 2021లో వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం వచ్చింది. 2024 జూలైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువులతో పాటు నాలాల ఆక్రమణలనూ తన పరిధిలోకి తీసుకుంది.

ఇప్పుడు అసలు చిక్కు హద్దుల దగ్గర ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న కాలువకు, వాగుకు, నాలాకు నిర్ధారిత హద్దు నుంచి 9 మీటర్లు ఖాళీ వదలాలి. 10 మీటర్ల లోపుంటే 2 మీటర్లు చాలు. కొలత నేడు కనిపిస్తున్న వెడల్పును బట్టి జరిగితే, ఆక్రమణతో సన్నబడిన చోటే రక్షణ కూడా తగ్గిపోతుంది. అందుకని శంకర్‌పల్లి నుంచి ఖైరతాబాద్ దాకా రెవెన్యూ రికార్డుల్లోని పాత వెడల్పునే హద్దుగా తీసుకుని, నీటిపారుదల శాఖ, స్థానిక సంస్థలు, మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కలిసి ఒకే పటంపై గుర్తించాలి. ముక్కలుగా కడుతున్న ప్రహరీలు, బాక్స్ డ్రెయిన్లు ఆ పటం తర్వాత రావలసిన పనులు.