హోమ్ లోన్ ఫారంలో క్రెడిట్ కార్డు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో హోమ్ లోన్ ఫైళ్లు సిద్ధం చేసి బ్యాంకులకు పంపడం నా పని. నా దగ్గరికి ఎక్కువగా మనవాళ్లే వస్తారు. కడప, నెల్లూరు, అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు. ఫారంలో "ప్రస్తుతం ఉన్న అప్పులు" అనే చోట చాలామంది గీత గీసేస్తారు. కార్డులు లేవా అని అడిగితే, "ఉన్నాయండీ, కానీ అది అప్పు కాదు కదా" అంటారు. ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చేశాక ఈ మాట వింటే నాకు భయం వేస్తుంది.

అపోహ: మనం చెప్పకపోతే బ్యాంకుకు తెలియదు.

పాన్ నంబరుతో సిబిల్ రిపోర్టు (మన అప్పులు, వాటిని కట్టిన తీరు చూపే క్రెడిట్ రిపోర్టు) తీయగానే మీ పేరు మీదున్న కార్డులు, వాటి లిమిట్, బాకీ, గత 36 నెలల్లో ఏ నెల ఎన్ని రోజులు ఆలస్యమైందీ కనిపిస్తాయి. దాచడానికి అక్కడ ఏమీ మిగలదు. పైగా, వివరాలన్నీ నిజమని సంతకం పెట్టేదీ ఆ ఫారం మీదే. రాసినదీ రిపోర్టూ కలవకపోతే, మిగతా కాగితాలను కూడా అనుమానంగానే చూస్తారు.

అపోహ: నెలనెలా బిల్లు మొత్తం కట్టేస్తాను, కాబట్టి నాకు అప్పు లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అదీ క్రమశిక్షణ ఉన్నవాళ్లు. మీరు వడ్డీ కట్టకపోవడం నిజమే. కానీ రిపోర్టుకు ఎక్కేది ఆ వివరాలు పంపిన రోజున ఉన్న బాకీ. బిల్లు 1,20,000 వచ్చి, మీరు కట్టేలోపే ఆ లెక్క వెళ్లిపోతే అదే కనిపిస్తుంది. చాలా బ్యాంకులు అందులో 5 శాతం, అంటే 6,000 రూపాయలు, మీ నెలవారీ కిస్తీగా లెక్కేస్తాయి. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకునే లోనులో లక్షకు ఈఎంఐ సుమారు 868. అంటే ఈఎంఐ కట్టగల మీ సామర్థ్యంలోంచి ఆ 6,000 తీసేయడం వల్ల మీకు వచ్చే లోను దాదాపు 7 లక్షలు తగ్గుతుంది. అందుకే అప్లై చేయడానికి రెండు మూడు నెలల ముందు నుంచి, బిల్లు తయారయ్యే తేదీకి ముందే డబ్బు కట్టేయమని చెబుతాను. కార్డు స్టేట్‌మెంట్లు, కట్టిన రుజువులు ఫైలులో జతచేస్తే అధికారికి నచ్చజెప్పడం తేలిక.

అపోహ: నో కాస్ట్ ఈఎంఐ (విడిగా వడ్డీ లేకుండా వాయిదాల్లో కొనడం) లోను కిందికి రాదు.

వస్తుంది. నెల్లూరు అబ్బాయి ఒకరు తన కార్డు మీద బావమరిదికి లాప్‌టాప్ కొనిచ్చాడు, నెలకు 8,000 కిస్తీ. బావమరిది ప్రతి నెలా డబ్బు పంపుతున్న స్క్రీన్‌షాట్లు చూపించినా బ్యాంకు ఒప్పుకోలేదు. కార్డు ఎవరిదైతే బాకీ వాళ్లదే. రావాల్సినదానికంటే లోను 9 లక్షలు తగ్గి శాంక్షన్ అయింది. ఆ కిస్తీ ముందే తీర్చేసి, నో డ్యూస్ లెటర్ (బాకీ ఏమీ లేదని ఇచ్చే లేఖ) తెచ్చి మళ్లీ పెట్టాం, పని అయింది. కానీ బిల్డర్ ఇచ్చిన గడువు దగ్గరపడుతుంటే ఆ ఇంట్లో వాళ్లు పడ్డ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

అపోహ: అప్లై చేసే ముందు కార్డులన్నీ క్యాన్సిల్ చేస్తే మంచిది.

తొందరపడకండి. కార్డులు తగ్గితే మొత్తం లిమిట్ తగ్గుతుంది, అదే బాకీ పెద్దదిగా కనిపిస్తుంది. వాడని కార్డు మీద ఏడాది ఫీజు బాకీ పడి ఉందేమో మాత్రం తప్పక చూసుకోండి. నిజంగా అక్కర్లేకపోతే బాకీ తీర్చి మూసేయమని అడగండి. ఆర్‌బీఐ నియమం ప్రకారం 7 పనిదినాల్లో మూయాలి, లేకపోతే రోజుకు 500 చొప్పున మీకే చెల్లించాలి.

అపోహ: పాత బాకీని బ్యాంకుతో మాట్లాడి కొంత తగ్గించి కట్టి సెటిల్‌మెంట్ చేసుకున్నాను, ఇక రాయక్కర్లేదు.

రిపోర్టులో "సెటిల్డ్" అని ఉంటే పూర్తిగా కట్టలేదని అర్థం. వీలైతే మిగతాది కట్టి "క్లోజ్డ్" అని మార్పించుకున్నాకే లోనుకు రండి.

అపోహ: మన రిపోర్టు మనం చూసుకుంటే క్రెడిట్ స్కోరు తగ్గుతుంది.

తగ్గదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అడ్వాన్స్ ఇవ్వక ముందే తీసి చూసుకోండి. మీ ఆవిడ కో-అప్లికెంట్ (మీతో కలిసి లోనుకు అప్లై చేసేవారు) అయితే ఆమెది కూడా తీయండి, ఆమె కార్డులనూ అదే ఫారంలో రాయండి.