నూట నలభై దగ్గర ఆగిపోయే వేళ్లు

మన టైపు ఇన్‌స్టిట్యూట్ల భాషలో షార్ట్‌హ్యాండ్ లోయర్ అంటే నిమిషానికి 80 పదాలు, హయ్యర్ అంటే 120. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల స్టెనోగ్రాఫర్ పరీక్షలో గ్రేడ్ డికి 80, గ్రేడ్ సికి 100. మన కోర్టుల్లో పని ఆ వేగంతో నడిచిపోతుంది. సాక్షి చెప్పినదాన్ని చాలావరకు జడ్జిగారే కుదించి తన మాటల్లో చెబుతారు, స్టెనో ఎక్కించుకుంటాడు. అమెరికాలో పద్ధతి వేరు. లాయరు అడిగిన ప్రశ్న, సాక్షి తడబడి సగంలో వదిలేసిన వాక్యం, అవతలి లాయరు అడ్డం తగిలి లేపిన అభ్యంతరం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రికార్డులోకి ఎక్కాలి. వాదం వేడెక్కితే మాట నిమిషానికి 200 పదాలు దాటుతుంది. అందుకే అక్కడ కోర్టు రిపోర్టరు కావాలంటే 225 అందుకోవాలి.

అక్కడిదాకా వెళ్లేవాళ్లు తక్కువ. స్టెనో బడిలో చేరినవాళ్లలో నూటికి 85 నుంచి 90 మంది మధ్యలోనే మానేస్తారన్న అంచనా ఆ రంగంలో ఏళ్ల తరబడి తిరుగుతోంది. లెక్క బడిని బట్టి మారుతుంది, కానీ ఏ బడీ బోర్డు మీద రాసుకునే లెక్క కాదది. మానేసినవాళ్లకు ఓపిక లేదని తేల్చేయడం తేలిక. ఈ చదువును కట్టిన తీరులోనే మానిపించే గుణం ఉంది. అది ఒక్కసారిగా వచ్చింది కాదు, పొరలు పొరలుగా పేరుకుంది.

మొదటి పొర కలం కాలం నాటిది. పిట్‌మన్ పద్ధతి 1837లో, గ్రెగ్ పద్ధతి 1888లో వచ్చాయి. 1899లో షికాగోలో షార్ట్‌హ్యాండ్ రిపోర్టర్లు జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి నేషనల్ కోర్ట్ రిపోర్టర్స్ అసోసియేషన్ అదే. అప్పటి బడులు కమర్షియల్ స్కూళ్లు. పాఠం చెప్పాక డిక్టేషన్, మళ్లీ డిక్టేషన్, వేగం వచ్చిననాడు బయటికి. ఏడాదికో పరీక్ష రాసి పైక్లాసుకు పోవడం కాకుండా, వేగం వచ్చేదాకా అదే బెంచీ మీద కూర్చోవడం అన్న అలవాటు అక్కడ మొదలైంది.

రెండో పొర యంత్రం. 1870ల చివర మైల్స్ బార్తలోమ్యూ ఒక షార్ట్‌హ్యాండ్ మెషీన్ చేశాడు, కానీ అన్ని మీటలూ ఒకేసారి నొక్కగలిగే తేలిక స్టెనోటైపు 1910లలో వార్డ్ స్టోన్ ఐర్లండ్ చేతిమీదుగా వచ్చింది. 1944 నాటి చట్టం ఫెడరల్ జిల్లా కోర్టుల్లో రిపోర్టర్లను అధికారిక ఉద్యోగులను చేసింది. ఉద్యోగానికి భద్రత వచ్చింది, బడులకు గిరాకీ వచ్చింది.

ఆ యంత్రాన్ని కాస్త దగ్గరగా చూడాలి, చిక్కంతా దానిలోనే ఉంది కాబట్టి. దాని మీద 22 మీటలు, పైన అంకెల కోసం ఒక బార్ ఉంటాయి. ఎడమచేతి వేళ్లు పదం మొదటి హల్లును, బొటనవేళ్లు అచ్చును, కుడిచేయి చివరి హల్లును పట్టుకుంటాయి. మూడూ ఒక్క దెబ్బలో పడతాయి. ఎడమవైపు ‘డి’కి మీటే లేదు, ‘టి’, ‘కె’ కలిపి నొక్కితే అది ‘డి’. ‘డాగ్’ అని పడాలంటే ఎడమ ఉంగరపు వేలు టి, కె మీటల మధ్య సందులో దిగాలి, ఎడమ బొటనవేలు ‘ఓ’ మీద, కుడి ఉంగరపు వేలు ‘జి’ మీద పడాలి. ‘బి’కి పి, డబ్ల్యూ, ‘ఎల్’కి హెచ్, ఆర్. ‘లేడీస్ అండ్ జెంటిల్మెన్ ఆఫ్ ద జ్యూరీ’ లాంటి మాటల వరస మొత్తానికి ఒక్క దెబ్బ సరిపోతుంది; దీన్ని బ్రీఫ్ అంటారు. కొత్త విద్యార్థికి ఇది టైపింగు కాదు, వీణ నేర్చుకోవడంతో సమానం.

కాగితం రీళ్ల కాలంలో కొంత వెసులుబాటు ఉండేది. ‘దేర్’ అన్న ఉచ్చారణకు ఇంగ్లిషులో మూడు స్పెల్లింగులున్నా మూడింటినీ ఒకేలా కొట్టి, తర్వాత టైపు చేసేటప్పుడు సందర్భం చూసి సరిదిద్దుకునేవారు. కంప్యూటరు వచ్చి, కొట్టిన దెబ్బ అక్కడికక్కడే తెర మీద ఇంగ్లిషుగా మారడం మొదలయ్యాక ఆ వెసులుబాటు పోయింది. మూడు ‘దేర్’లకు మూడు వేరువేరు దెబ్బలు కావాలి. బడుల్లో థియరీ అంటే ఈ దెబ్బల వ్యాకరణమే. రియల్‌టైమ్ అనే ఈ అక్కడికక్కడి రాత వచ్చాక అది లావెక్కింది. స్పీడు క్లాసుకు పోకముందే గుర్తుంచుకోవాల్సిన నియమాలు పెరిగాయి. రిపోర్టరుకు ఇది వరమే, విద్యార్థికి మాత్రం దారిలో ఇంకో కొండ.

అదే కాలంలో బయట గాలి రెండువైపులా వీచింది. 1982 చట్టంతో ఫెడరల్ కోర్టుల్లో టేపు రికార్డింగుకు దారి తెరుచుకుంది. స్టెనో పని అయిపోయిందన్న మాట అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. మరోపక్క 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం టీవీ కార్యక్రమాలకు క్యాప్షన్లు తప్పనిసరి చేసింది, కొత్త ఇంగ్లిషు కార్యక్రమాలకు 2006 జనవరి 1 గడువు. ప్రత్యక్ష ప్రసారానికి క్యాప్షన్ కొట్టగలిగింది ఈ మెషీన్ రిపోర్టర్లే. అంటే కోర్టుకు పోవాల్సిన కొద్దిమందిని టీవీ కూడా పిలిచింది. 2008లో ఉన్నత విద్యా చట్టంలో రియల్‌టైమ్ రైటర్ల శిక్షణకు గ్రాంట్ల నిబంధన చేరింది. తర్వాత రిపోర్టర్ల జాతీయ సంఘం డకర్ వరల్డ్‌వైడ్ అనే పరిశోధన సంస్థతో చేయించిన అధ్యయనం 2018 కల్లా 5,500 మంది రిపోర్టర్ల కొరత వస్తుందని లెక్కగట్టింది. ఆ అంకె వచ్చాకే, ‘చేరినవాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారు’ అన్న ప్రశ్న బడి గోడలు దాటి బయటికి వచ్చింది.

జవాబు పరీక్ష లెక్కలోనే దొరుకుతుంది. ఆ సంఘం ఇచ్చే ఆర్‌పీఆర్ (రిజిస్టర్డ్ ప్రొఫెషనల్ రిపోర్టర్) అనే సర్టిఫికేటుకు మూడు భాగాలు: లిటరరీ (ఉపన్యాసం లాంటి పాఠం) నిమిషానికి 180 పదాలు, జ్యూరీ చార్జ్ (జడ్జి జ్యూరీకి చెప్పే సూచనలు) 200, సాక్ష్యం (ప్రశ్నలు, జవాబులు) 225. ఒక్కొక్కటి అయిదు నిమిషాలు, 95 శాతం తప్పుల్లేకుండా ఉండాలి. సాక్ష్యం భాగంలో 1,125 పదాలు. అందులో దాదాపు 56 తప్పుల వరకు పోనిస్తారు. వదిలేసిన ప్రతి పదమూ తప్పే. 225 వేగంలో 15 సెకన్లకు 56 పదాలు పోతాయి. అంటే అయిదు నిమిషాల్లో ఒక్కచోట పావు నిమిషం దాటి చేయి ఆగితే, మిగతా అంతా అద్దంలా ఉన్నా పరీక్ష పోయినట్టే. పైగా డిక్టేషన్‌ను పదానికి సగటున 1.4 అక్షరోచ్చారణల (సిలబుల్స్) చొప్పున కొలుస్తారు, అంటే 225 వేగంలో సెకనుకు అయిదుకు పైగా. పొడుగు మాటలు ఎక్కువున్న పాఠం అదే వేగంలో చాలా బరువుగా తోస్తుంది. ఈ కొలత పాటించకుండా ఇష్టమొచ్చిన పాఠం చదివే బడిలో, విద్యార్థి తన తప్పులేకుండానే ఫెయిలవుతాడు.

ఇక మెట్లు: 60, 80, 100 అలా ఇరవై చొప్పున 200 దాకా, ఆ తర్వాత 225. మొత్తం తొమ్మిది మెట్లు, ప్రతిదానికీ మూడు రకాల పాఠాలు, ఒక్కో రకంలో ఒకటికి మించి పాసులు అడిగే బడులే ఎక్కువ. రాసిన పరీక్షల్లో అధికభాగం పోవడమే ఇక్కడ మామూలు. ఏ చదువులోనూ మంచి విద్యార్థి ఇన్నిసార్లు ఫెయిలవడు.

జనం ఎక్కువగా ఆగిపోయేది 100 నుంచి 160 మధ్య. 100 దాకా మనసులో అక్షరాలు కూర్చుకుని కొట్టినా గడుస్తుంది. ఆ పైన కూర్చుకోవడానికి వ్యవధి ఉండదు, చెవిన పడ్డ పదం నేరుగా వేళ్లలోకి దిగాలి. పాత అలవాటుతోనే వేగం పెంచబోతే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అన్ని మీటలూ పైకి లేచాకే యంత్రం ఒక దెబ్బ ముగిసిందనుకుంటుంది. ముందు దెబ్బలోని వేలు లేవకముందే తర్వాతది పడితే రెండు పదాలు ఒక్క ముద్దగా వస్తాయి. దీన్ని స్టాకింగ్ అంటారు. విద్యార్థి తనకు స్పీడు లేదనుకుంటాడు. కొన్నిసార్లు అసలు లోపం అద్దెకు తెచ్చుకున్న పాత మెషీన్‌లో మీటల లోతు ఎక్కువగా ఉండటం. దాన్ని తగ్గించి, బిగువు సరిచేసి చూడమని మొదటి నెలలోనే చెప్పే టీచరు ఒక విద్యార్థిని నిలబెట్టినట్టే.

సాధన తీరు ఇంకో సంగతి. తేలిగ్గా వచ్చే వేగంలోనే రోజంతా కొట్టేవాళ్లు కదలరు. ఎప్పుడూ అందని వేగం వెంటబడేవాళ్ల చేతికి చెత్త రాత అలవాటవుతుంది. 140 దగ్గర ఆగినవాళ్లకు పనిచేసే వరస ఇది: ఒక నిమిషం పాఠాన్ని ముందు 170లో, పదాలు పోయినా పట్టించుకోకుండా కొట్టాలి, అదే పాఠం 155లో, చివర 140లో. తర్వాత తెర మీద వచ్చింది బయటికి చదవాలి. చేయి ఎక్కడ ఆగిందో ఆ పదాలు అయిదుకు మించకుండా రాసుకుని, ఒక్కోదానికి ఒకే దెబ్బ ఖాయం చేసుకుని, యాభైసార్లు కొట్టి, మళ్లీ 140 అందుకోవాలి. చదవడం ఎగ్గొడితే మిగతాదంతా వృథా. రెండు రకాల దెబ్బలు తెలిసిన పదమే చేతిని ఆపుతుంది, తెలియని పదం కాదు. ఈ సంగతి కొట్టింది చదివితేనే బయటపడుతుంది.

డబ్బు విషయం ఎవరూ పెద్దగా మాట్లాడరు, మాట్లాడాలి. ఫెడరల్ విద్యార్థి సాయం తీసుకునేవాళ్లు కోర్సు ప్రకటిత కాలానికి ఒకటిన్నర రెట్లలోపు పూర్తిచేయాలన్న నిబంధన ఉంది. రెండేళ్ల కోర్సు అయితే మూడేళ్లు. వేగం వచ్చేదాకా కూర్చోవాల్సిన చదువుకు ఇది ఉరితాడు. నాలుగో ఏట 180 దగ్గరున్న మనిషి, అసలు గమ్యానికి దగ్గరైనవేళ, సాయం ఆగిపోయి మానేస్తాడు. ఈ లెక్క తెలిసీ బ్రోషర్లో రెండేళ్లని వేసుకున్న బడులది అమాయకత్వం అనలేం.

కొరత లెక్క బయటపడ్డాక జరిగిన సంస్కరణల్లో ఎక్కువ భాగం గుమ్మం దగ్గరే ఆగాయి. సంఘం ‘ఏ టు జెడ్’ పేరిట ఫీజు లేని ఆరు నుంచి ఎనిమిది వారాల పరిచయ కోర్సు పెట్టింది. మెషీన్ మీద అక్షరాలు నేర్చుకుని, నచ్చితేనే ఫీజు కట్టి బడిలో చేరతారు. 2010లో మిరాబాయ్ నైట్ మొదలుపెట్టిన ఓపెన్ స్టెనో ప్రాజెక్టు ‘ప్లోవర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఇచ్చింది; చాలా మీటలను ఒకేసారి గుర్తించే మామూలు కీబోర్డు ఉంటే చాలు, వేల డాలర్ల మెషీన్ కొనకుండానే చేయి పడుతుందో లేదో చూసుకోవచ్చు. రెండూ మంచివే. కానీ వీటితో మొదటి నెలలో మానేసేవాళ్లు తగ్గుతారు, 140 దగ్గర ఆగేవాళ్లు అలాగే ఉంటారు.

మధ్య గోడకు కావాల్సింది సన్న మెట్లు. 100 నుంచి 160 దాకా పదేసి పదాల చొప్పున ఎక్కనివ్వాలి. ఒక నిమిషం, మూడు నిమిషాల పాసులను కూడా రికార్డులో రాయాలి. బయటికి పంపే అయిదు నిమిషాల 95 శాతాన్ని మాత్రం సడలించకూడదు. ఆర్‌పీఆర్ భాగాలను ఇప్పుడు ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు. బడులూ మూడూ కలిసి రావాలని పట్టుబట్టకూడదు. 160 దాటి నిలిచిపోయినవాడికి స్కోపిస్టు పని చూపించవచ్చు: రిపోర్టరు పంపిన ముడి రాతను ఆడియోతో సరిచూసి దిద్దే పని, స్టెనో చదవడం వచ్చినవాడికి సరిగ్గా సరిపోతుంది. అతన్ని డ్రాపౌట్ ఖాతాలో వేయడం అన్యాయం.

గోడకు పక్కదారి కూడా ఒకటి తెరుచుకుంది. నోటికి మాస్కు పెట్టుకుని, విన్నదంతా తగ్గుస్వరంతో తిరిగి పలుకుతూ స్పీచ్ సాఫ్ట్‌వేరుకు అందించే వాయిస్ రైటింగుకు ఏళ్లు అక్కర్లేదు, నెలలు చాలు. కాలిఫోర్నియా 2022లో చట్టం మార్చి వాయిస్ రైటర్లకూ లైసెన్సు దారి తెరిచింది. ఏళ్లుగా ఒకే మెట్టు మీద కూర్చున్న స్టెనో విద్యార్థికి విరామ చిహ్నాలు, ట్రాన్‌స్క్రిప్టు పద్ధతి, కోర్టు పదజాలం అన్నీ అప్పటికే వచ్చి ఉంటాయి. మారాల్సింది వేళ్ల నుంచి గొంతుకు మాత్రమే.