కెనడీ హత్యలో నాలుగో తూటా

నెల్లూరు వీఆర్సీ సెంటర్లో టీ తాగుతూ నిలబడితే ఏ దేశం నాయకుడి హత్య అయినా పది నిమిషాల్లో తేలిపోతుంది. "ఒక్కడే చేశాడంటే నమ్మేదెట్టబ్బా? వెనకాల పెద్ద తలకాయలుంటాయి." అమెరికా అధ్యక్షుడు కెనడీ విషయంలో ఇంచుమించు ఇదే మాట అమెరికా పార్లమెంటు కమిటీ కూడా అంది. హత్య వెనక బహుశా కుట్ర ఉందని 1979లో తేల్చింది. ఆ కుట్ర ఎంత దూరం పాకిందో మాత్రం చెప్పలేకపోయింది. దొరికిన ఆధారాలను బట్టి రష్యా, క్యూబా ప్రభుత్వాలకు గానీ, సీఐఏ, ఎఫ్‌బీఐలకు గానీ ఇందులో సంబంధం లేదంది. హంతకుడిగా పట్టుబడ్డ ఆస్వాల్డ్ 3 సార్లు కాల్చాడనీ, నాలుగో తూటా ఇంకెవరో పేల్చారనీ, ఆ ఇంకొకడెవడో తెలీదనీ రాసింది.

మనిషి జాడ లేకుండా తూటా ఉందని ఎలా అన్నారు? ముఖ్యంగా ఒక శబ్దాన్ని నమ్మి.

హత్య జరిగిన 1963 నవంబర్ 22న డల్లాస్‌లో ఒక పోలీసు మోటార్‌సైకిల్ మైకు బటన్ ఇరుక్కుపోయింది. ఐదు నిమిషాలకు పైగా ఆ రొదంతా కంట్రోల్ రూమ్‌లో రికార్డయింది. చెవికి తుపాకీ మోత తెలీదు గానీ, నిపుణులు అందులో కొన్ని టిక్కుల్ని పట్టారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మోత ముందు నేరుగా మైకును చేరుతుంది, తర్వాత ఒక్కో గోడకు తగిలిన ప్రతిధ్వని ఒక్కో ఆలస్యంతో వస్తుంది. కాల్చిన చోటు మారితే ఆ ఆలస్యాల వరసా మారుతుంది. 1978లో అక్కడే మైకులు పెట్టి, తుపాకులు పేల్చి, ఆ వరసలతో టిక్కుల్ని పోల్చారు. పక్కనున్న గడ్డి దిబ్బ మీది నుంచి ఒకరు కాల్చి ఉండడానికి 95 శాతం అవకాశం ఉందన్నారు. లెక్క ముచ్చటగానే ఉంది. అసలా టిక్కులు కాల్పులప్పటివేనా?

ఆ గుట్టు విప్పింది శాస్త్రవేత్త కాదు, ఒహాయోలో డ్రమ్స్ వాయించే స్టీవ్ బార్బర్. ఒక పత్రికతో పాటు వచ్చిన పల్చటి ప్లాస్టిక్ రికార్డును అదే పనిగా వింటుంటే, టిక్కులున్న చోటే లీలగా ఒక గొంతు వినిపించింది. అది అక్కడి పోలీసు అధికారి, షెరీఫ్ బిల్ డెకర్‌ది. పోలీసు రేడియో రెండో ఛానల్లో ఆయన మాట్లాడింది ఈ రికార్డులో కూడా పడింది. రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర వీడియో తీస్తే, పిల్లాడు తప్పిపోయాడన్న మైకు అనౌన్స్‌మెంటు కూడా అందులో పడుతుంది కదా. ఆ అనౌన్స్‌మెంటు ఎన్నింటికి చేశారో తెలిస్తే వీడియో టైమూ తెలిసిపోతుంది.

డెకర్ ఆ మాటలన్నది కాల్పులయ్యాకే. 1982లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ తరఫున నార్మన్ రామ్సే బృందం రెండు ఛానళ్లనూ సరిపోల్చి, ఆ టిక్కులు హత్య జరిగిన సుమారు నిమిషం తర్వాత పడ్డాయని తేల్చింది. పరమాణు గడియారాలకు ఆధారమైన పనికి 1989లో నోబెల్ అందుకున్నది ఈ రామ్సేనే. టైము లెక్క పడాల్సిన చేతిలోనే పడిందన్నమాట.

2001లో ఒక పరిశోధకుడు నాలుగో తూటా వాదాన్ని మళ్లీ లేపాడు. 2005లో రామ్సే, మరికొందరు దానికి జవాబిచ్చారు. రికార్డు చెల్లనంత మాత్రాన ఆస్వాల్డ్ వెనక ఎవరూ లేరని రుజువైనట్టు కాదు. కమిటీ కుట్ర మాటకు పెద్ద దన్ను మాత్రం పోయింది. 1988లో అమెరికా న్యాయశాఖ, కుట్ర జరిగిందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదనీ, ఇక దర్యాప్తు అక్కర్లేదనీ పార్లమెంటుకు తెలియజేసింది.