నిలబడ్డ బండి బరువు: హైదరాబాద్ ఎండలో తారు పార్కింగ్

లారీలు తిరిగే రోడ్డు కంటే మాల్ ముందున్న పార్కింగ్ స్థలం ఎక్కువ కాలం నిలవాలని ఎవరైనా అనుకుంటారు. బండ్ల వేగం తక్కువ, బరువూ తక్కువే కదా! కానీ కొంపల్లి ఫంక్షన్ హాళ్ల దగ్గరో, మాదాపూర్ ఆఫీసుల వెనకో ఒకసారి నేలకేసి చూడండి. కొన్నేళ్లకే తారు బూడిదరంగుకు తిరిగి, అంచుల్లో రాలిపోయి, చక్రాలు ఆగే చోట పల్లాలు పడి కనిపిస్తుంది. కాంట్రాక్టరు తారు మింగేశాడనే మాట వెంటనే వస్తుంది. అది నిజమైన చోట్లూ ఉన్నాయి. అయితే సరిగ్గా వేసిన తారుకైనా కదిలే బండి కంటే నిలబడ్డ బండే కష్టం. పార్కింగ్‌ను చిన్న రోడ్డుగా లెక్కగట్టినంత కాలం ఈ పాడవడం ఆగదు.

తారు, డాంబరు అని మనం పిలిచేది ముడిచమురు శుద్ధిలో అడుగున మిగిలే బిటుమెన్. మిశ్రమం బరువులో దాని వాటా నూటికి అయిదు పాళ్లకు అటూ ఇటూ; తక్కినదంతా కంకర, రాతిపొడి. ఆ కాస్త జిగురుదే విచిత్రమైన స్వభావం. గట్టిగా కొడితే పగులుతుంది, ఓపిగ్గా నొక్కితే పారుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ 1927లో దాదాపు ఇదే జాతి పదార్థమైన పిచ్‌ను ఒక గరాటులో పోసి పెట్టాడు. చేతికి గట్టిగా తగిలే ఆ పదార్థం ఏళ్ల తరబడి ఒక్కో చుక్కగా జారుతూనే ఉంది. తొమ్మిదో చుక్క తెగింది 2014లో!

గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే చక్రం ఒక చోటును తొక్కేది సెకనులో యాభయ్యో వంతు కాలమే. అంతలో తారు కాస్త వంగి మళ్లీ లేస్తుంది. అదే కారు ఆఫీసు ముందు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటే, తారుకు పారడానికి తీరిక దొరుకుతుంది. వేడి పెరిగినా ఇదే ఫలితం. తారు విషయంలో ఎక్కువ సేపు మోయడం, ఎక్కువ వేడెక్కడం దాదాపు ఒకే పని చేస్తాయి. మే నెల మధ్యాహ్నం గాలి 41, 42 డిగ్రీలుంటే నల్లటి నేల 60 దాటుతుంది. పార్కింగ్‌లో వేడీ, నిలకడ బరువూ రెండూ కలిసే వస్తాయి. టూవీలర్ల వరుసలో సైడ్ స్టాండు దిగబడి బండి ఒరిగిపోవడం వేసవిలో వాచ్‌మెన్లకు కొత్త కాదు. ఇక ఇరుకు స్లాటులో బండి కదపకుండా స్టీరింగు తిప్పితే, టైరు నేలను పట్టి మెలిపెడుతుంది. పైనున్న సన్న కంకర ఊడేది అక్కడే.

అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 73లో బిటుమెన్ రకాలను 60 డిగ్రీల దగ్గరి చిక్కదనాన్ని బట్టి విడదీశారు. మామూలుగా వాడేది వీజీ-30 (వీజీ అంటే విస్కాసిటీ గ్రేడ్, చిక్కదనపు తరగతి). దానికంటే చిక్కనిది వీజీ-40. బస్సులు, సరుకు లారీలు గంటల తరబడి ఆగే చోట వీజీ-40 గానీ పాలిమర్ కలిపిన బిటుమెన్ గానీ పట్టుబట్టి అడగాలని నా అభిప్రాయం.

ఎండ చేసే రెండో పని నెమ్మదైనది. ప్రాణవాయువు తారులోని అణువులతో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది. వేడి ఆ పనిని తొందరపెడుతుంది. గట్టిపడ్డ తారు పెళుసవుతుంది, సాగలేక పగులుతుంది. రోడ్డు మీద తిరిగే టైర్లు పైపొరను అదుముతూ సన్న సందులను మూసేస్తుంటాయి. పార్కింగ్ మూలల్లో ఆ మేలు జరగదు. ప్రహరీ వెంట, పిల్లర్ల చుట్టూ, డ్రెయిన్ మూతల పక్కన పెద్ద రోలరు కూడా చేరదు. అణగని మిశ్రమంలో గాలి ఖాళీలు నూటికి ఎనిమిది పాళ్లు దాటితే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి గాలికీ నీటికీ దారులవుతాయి. మొదట చెడేది అంచులే కావడానికి కారణం ఇదే. దీనికి నగర ట్రాఫిక్ కూడా తోడవుతుంది. శివారు ప్లాంటులో 150 డిగ్రీల పైన కలిపిన మిశ్రమం దారిలో చిక్కుకుని చల్లారిపోతే, 90 కిందికి దిగాక ఎంత రోలింగ్ చేసినా ఖాళీలు సరిగా మూసుకోవు. లారీ రాగానే థర్మామీటరు గుచ్చి చూడమనండి. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి.

ఇక నీటి సంగతి. హైదరాబాద్ నిలబడింది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద. చుట్టుపక్కల క్వారీల కంకరా ఎక్కువగా అదే. గట్టిదనంలో దానికి వంక పెట్టలేం. కానీ సిలికా ఎక్కువున్న రాయికి తారు కంటే నీరంటేనే మక్కువ. పగులు గుండా దిగిన నీరు కంకరకూ తారుకూ మధ్య దూరి జిగురును ఒలిచేస్తుంది. పైకి ఏమీ కనిపించదు, నాలుగు వానలు పడ్డాక ఒక్కసారిగా గుంత తేలుతుంది. వికారాబాద్ వైపు దొరికే బసాల్టు నల్లరాయితో ఈ పేచీ తక్కువ. గ్రానైటే వాడాల్సి వస్తే కంకర బరువులో ఒకటి రెండు పాళ్లు పొడి సున్నం కలిపితే పట్టు పెరుగుతుంది. 1591లో చార్మినారు కట్టినవాళ్లు నమ్ముకున్న సున్నం ఈనాటి తారుకూ అక్కరకొస్తుందంటే నాకు సంతోషంగా ఉంటుంది.

మరమ్మతుకు వాడే ఎమల్షన్‌లోనూ, అంటే తారును సన్న బిందువులుగా నీటిలో కలిపిన ద్రవంలోనూ, ఈ రాయి స్వభావం చూసుకోవాలి. తడి గ్రానైటు ముఖం మీద రుణావేశం ఉంటుంది. కాటయానిక్ ఎమల్షన్‌లోని తారు బిందువులకు ధనావేశం ఉంటుంది కాబట్టి అవి రాయిని ఆకర్షించి అంటుకుంటాయి. గోధుమరంగు ద్రవం నల్లబడిందంటే నీరు విడిపోయి తారు రాయిని పట్టిందన్నమాట. ఆ రంగు మారకముందే బండ్లను వదిలితే చేసిన పని టైర్లకు అంటుకుని వెళ్లిపోతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. వెంటనే మృగశిర. ఏడాదికి పడే 800 చిల్లర మిల్లీమీటర్ల వానలో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. కాబట్టి పగుళ్ల పని జనవరి, ఫిబ్రవరిలోనే చేయించాలి. చలికి పగుళ్లు విచ్చుకుని ఉంటాయి, పూత లోపలిదాకా దిగుతుంది, వానకు ఇంకా వ్యవధి ఉంటుంది. బ్లోయరుతో దుమ్ము ఊదేసి, రబ్బరు కలిపిన సీలెంటుతో నింపాలి. దుమ్ము మీద పోసింది దుమ్ముకే అంటుకుంటుంది. మొసలి వీపులా గళ్లుగళ్లుగా చిట్లిన చోట మాత్రం పైపూత దండగ. అక్కడ కింద పొరే కుంగింది. నలుచదరంగా కోసి, గట్టి నేల తగిలేదాకా తవ్వి, ఆరబెట్టి, టాక్ కోట్ (పాతదానికీ కొత్తదానికీ అతుకు కుదిర్చే పలుచటి తారు పూత) కొట్టి, వేడి మిశ్రమాన్ని పొరలుగా అదమాలి. నీళ్లున్న గుంతలో మిశ్రమం కుమ్మరించి పారతో తట్టిపోవడం మనం ఏటా చూస్తున్నదే. ఆ డబ్బు వానతో పాటే పోతుంది.

మొత్తం నేల మీద సీల్ కోటు (పైపొరను కప్పే పలుచటి ఎమల్షన్ పూత) మూడు నుంచి అయిదేళ్లకొకసారి చాలు. ఎండలో చేయక తప్పకపోతే తెల్లవారుజామున మొదలుపెట్టి, ముందుగా నేలను నీటి తుంపరతో లేతగా తడపాలి. లేదంటే కాలిన నేల మీద ఎమల్షన్ పరుచుకోకముందే గడ్డకడుతుంది. వాలు మీటరుకు రెండు సెంటీమీటర్లయినా ఉండాలి. తొలి వాన వెలిసిన మర్నాడు ఇంకా నీళ్లు నిలిచిన చోట్ల చుట్టూ సున్నంతో గీత గీయండి. సర్వే అవసరం లేకుండానే మరమ్మతు పటం చేతికొస్తుంది.

కారుతున్న డీజిలు, ఇంజనాయిలు తారును కరిగిస్తాయి, అన్నీ ముడిచమురు సంతానమే కాబట్టి. పెట్రోలు బంకుల్లో పంపుల దగ్గర సిమెంటో బ్లాకులో పరిచేది ఇందుకే. జనరేటరు కిందా, డ్రైవర్లు బండ్లు బాగుచేసుకునే మూలలోనూ అదే పద్ధతి పాటించాలి. చెట్లు నాటితే నేల వేడి బాగా దిగుతుంది. కాలిఫోర్నియాలోని మోడెస్టోలో 2005లో వచ్చిన అధ్యయనం నీడపడిన తారు వీధులు మెరుగ్గా ఉన్నాయని చూపింది. స్లాటుల మధ్య వేప, కానుగలకు నాలుగడుగుల మట్టి వదలడానికి యజమానులు ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు.

మన ఫంక్షన్ హాళ్లకు మరో బాధ కూడా ఉంది. ప్రతి పెళ్లికీ షామియానా కోసం తారులో ఇనుప మేకులు దిగ్గొడతారు, పెళ్లయ్యాక పీకేస్తారు. మిగిలిన బొక్కల్లోంచి వాన నేరుగా కింద పొరలోకి దిగుతుంది. గుంజలు నిలిపే చోట్లు ఎప్పుడూ దాదాపు అవే కాబట్టి, అక్కడ ముందే ఇనుప పైపు ముక్కలు సిమెంటుతో పాతి, మూతలు బిగించి ఉంచవచ్చు. ఒక్కపూట వెల్డరు, మేస్త్రీ కలిసి చేసే పని అది.