అశ్వగంధ ఆకు గొడవకు వేరు సుకుబాలో

అశ్వగంధ క్యాప్సూల్స్‌లో ఆకు సారం కలపొచ్చా, కూడదా అన్న వివాదం మళ్లీ పైకొచ్చింది. వద్దనేవాళ్లు ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబర్‌లో మందుల కంపెనీలకిచ్చిన సలహా పత్రాన్ని చూపిస్తున్నారు. ఆకు వాడకానికి సరిపడా ఆధారాలు లేవు, వేరుతోనే సరిపెట్టుకోండి అన్నది దాని సారాంశం. కలపాలనేవాళ్లు జపాన్‌లో జరిగిన పరిశోధనలు చూపిస్తున్నారు. ఆ పరిశోధనల్లో ఏముందో చదివినవాళ్లు మాత్రం రెండు పక్షాల్లోనూ తక్కువే అనిపిస్తుంది.

ఆయుర్వేదంలో అశ్వగంధ స్థానం గురించి మళ్లీ చెప్పనక్కర్లేదు. అనంతపురం, కర్నూలు వైపు రైతులకు అది పెన్నేరు గడ్డ. మొక్కను వేరుతో సహా పెరికి, ముక్కలు కోసి, ఎండబెట్టి, లావును బట్టి గ్రేడ్లు చేసి అమ్ముతారు. డబ్బంతా గడ్డకే. ఆకుకు ధర లేదు, చాలావరకు చేలోనే రాలిపోతుంది. ఆ ఆకుకు విలువ తెచ్చింది టోక్యోకు ఈశాన్యాన ఉన్న సుకుబాలోని ఏఐఎస్‌టీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన భారతీయ శాస్త్రవేత్తలు రేణు వధ్వా, సునీల్ కౌల్.

వాళ్లు మొదలుపెట్టింది మూలికలతో కాదు. కణాలు ఎందుకు ముసలివవుతాయి, క్యాన్సర్ కణాలు ఎందుకు కావు అన్నది వాళ్ల ప్రశ్న. 1993లో మోర్టాలిన్ అనే ప్రొటీన్‌ను గుర్తించారు. మామూలు కణంలో అది కణమంతా పరుచుకుని ఉంటుంది. చావు లేకుండా విభజన చెందుతూ పోయే కణాల్లో మాత్రం కేంద్రకం చుట్టూ గుమిగూడుతుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 అనే ప్రొటీన్‌ను అది పట్టుకుని, కేంద్రకంలోకి పోనివ్వకుండా ఆపుతుందని తర్వాత తేలింది. ఆ పట్టు విడిపించేది ఏమైనా దొరుకుతుందా అని వెతికినవాటిలో అశ్వగంధ ఆకు ఒకటి. వేరు కావాలంటే మొక్కను చంపాలి, ఆకైతే మళ్లీ చిగురిస్తుంది. పరిశోధకుడికి ఇది చిన్న సౌకర్యం కాదు.

2007లో వచ్చిన పత్రం ఈ కథకు మలుపు. ఆకు సారం క్యాన్సర్ కణాలను ఎంచి చంపుతోందని, మామూలు కణాలను పెద్దగా ముట్టుకోవడం లేదని, ఆ పని చేస్తున్నది విథనోన్ అనే పదార్థమని అందులో రాశారు. గాజు పళ్లెంలో పెంచిన కణాల మీదా, ఎలుకల మీదా తేలిన విషయమిది. వ్యాపారులకు 'ఆకు పనిచేస్తుంది' అన్న ముక్క ఒక్కటే వినపడింది.

అదే బృందం ఐఐటీ ఢిల్లీ వాళ్లతో కలిసి 2012లో ప్రచురించిన పత్రాన్ని మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నా లెక్కలో ఇవాళ్టి గొడవకు జవాబు చాలావరకు అందులోనే ఉంది. ఆకులో విథనోన్‌తో పాటు విథాఫెరిన్ ఏ కూడా ఉంటుంది. రెండింటి ఫార్ములా ఒకటే: 28 కార్బన్, 38 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ అణువులు. అమరికలోనే తేడా. ఆ కాస్త తేడాతోనే విథాఫెరిన్ ఏ మామూలు కణాలను కూడా దెబ్బతీస్తోందని, విథనోన్ వాటి జోలికి అంతగా పోవడం లేదని చూపించారు. ఇలాంటి పదార్థాల కుటుంబానికి విథనోలైడ్స్ అని పేరు. సీసా మీద మాత్రం 'విథనోలైడ్స్ ఇంత శాతం' అని రెండింటినీ ఒకే గాటన కట్టి రాస్తారు. శాతం పెంచడానికి వేరు సారంలో చవగ్గా దొరికే ఆకు కలపడం ఈ రంగంలో అందరికీ తెలిసిన రహస్యమే.

2013లో భారత బయోటెక్నాలజీ విభాగంతో కలిసి సుకుబాలో డెయిల్యాబ్ అనే ఉమ్మడి ప్రయోగశాల ఏర్పడింది. 2017లో సుకుబా యూనివర్సిటీలో మహేశ్ కౌశిక్, యోషిహిరో ఉరాదే తదితరులు మరో సంగతి తేల్చారు. ఆకు నుంచి నీటితో తీసిన సారం ఎలుకలను నిద్రపుచ్చింది. విథనోలైడ్స్ దండిగా ఉన్న ఆల్కహాల్ సారానికి ఆ ఫలితం రాలేదు. అంటే నిద్ర కోసం కొనేవాళ్లు చూసే ఆ 'శాతం' నిద్రకు సంబంధించిందే కాదన్నమాట, కనీసం ఎలుకల విషయంలో.

2020 మేలో కోవిడ్ టెన్షన్ నడుమ, విథనోన్ వైరస్ ఎంజైమ్‌కు అతుక్కోవచ్చని ఐఐటీ ఢిల్లీ, ఏఐఎస్‌టీ ప్రకటించాయి. అది కంప్యూటర్ లెక్క. వార్తల్లోకి వచ్చేసరికి దాదాపు మందైపోయింది. ఇక్కడ శాస్త్రవేత్తలు కూడా కొంచెం ఆగి మాట్లాడాల్సింది.

విథనోన్ కూడా పూర్తిగా అమాయకం కాదు. అది డీఎన్ఏకు అతుక్కుని దాన్ని దెబ్బతీయగలదని, శరీరంలోని గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థం మామూలుగా విథనోన్‌కు విరుగుడుగా పనిచేస్తుందని 2021లో భారతీయ పరిశోధకులే చెప్పారు. అశ్వగంధ ఉత్పత్తులు వాడినవాళ్లలో కొందరికి కామెర్లు వచ్చిన కేసులు అప్పటికే వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. 2023లో డెన్మార్క్ వేరు, ఆకు తేడా చూడకుండా మొత్తం నిషేధించింది. ఇంత పరిశోధన జరిగిన జపాన్‌లోనూ అశ్వగంధ మందుల జాబితాలో ఉంది, సప్లిమెంట్‌గా దుకాణంలో అమ్మడానికి వీల్లేదు.

ఆకు సారం అమ్ముకోనివ్వాలని అడుగుతున్న కంపెనీలు సుకుబా పేరు చెప్పుకోవచ్చు. కానీ తమ క్యాప్సూల్‌లో విథాఫెరిన్ ఏ ఎంత, విథనోన్ ఎంత అన్నది విడివిడిగా సీసా మీద వేయడానికి ముందుకొస్తాయా అన్నది తేలాలి. ఆ కొలత తెలియకుండా మనుషుల మీద ట్రయల్ పెట్టినా, వచ్చిన ఫలితం దేనిదో చెప్పలేం.