తాతగారి క్లిక్ త్రీ కెమెరా: అపోహలు - వాస్తవాలు

"అటక మీద తాతగారి కెమెరా దొరికిందన్నా, పనిచేస్తుందంటావా" అని ఎవరో ఒకరు ఫోటో పెట్టి అడుగుతూనే ఉంటారు, తెరిచి చూస్తే ఎక్కువసార్లు అది ఆగ్ఫా క్లిక్ త్రీనే. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్ళు తయారుచేసిన నల్లటి డబ్బా, ఒకప్పుడు చాలా ఇళ్ళలో బీరువాలో పట్టుచీరల పక్కన ఉండేది. నేను దాన్ని వాడతా, చెడిపోయినవి విప్పి బాగుచేస్తా కూడా, కాబట్టి రోజూ వినే అపోహలు కొన్ని చెప్తా.

అపోహ: రీళ్ళు రావట్లేదు, ఇక షోకేసులో పెట్టుకోవడమే.

వస్తున్నాయి బాబూ. దీనికి పట్టేది 120 రీలు, కొడాక్ వాళ్ళు 1901లో మొదలెట్టిన సైజు, ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4, ఫోమాపాన్ 100 లాంటివి ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఒక రీలుకి 12 ఫోటోలు, చదరంగా. ఆగిపోయింది మన ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ళు చేసిన ఇందు రీలు, అంతే. అయితే మీది వేరే కెమెరా అయ్యుండి దాని మీద 620 అని రాసుంటే మాత్రం ఆగండి, ఫిలిం అదే గానీ చుట్టే స్పూలు వేరు, చీకట్లో కూర్చుని ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి చుట్టుకోవాలి.

అపోహ: స్పీడు ఎక్కువున్న ఫిలిం వేస్తే ఫోటో బాగొస్తుంది.

ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు. ఫిలిం స్పీడు అంటే అది వెలుగుని ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే నంబరు, 400 ఫిలింకి 100 కన్నా తక్కువ వెలుగు చాలు. ఈ కెమెరాకి ఉన్నది ఒకటే షట్టర్ స్పీడు, అంటే రేకు తెరుచుకుని వెలుగుని లోపలికి వదిలే సమయం, సెకనులో సుమారు 30వ వంతు, పైన ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, ఇక మీరు మార్చగలిగేది ఏమీ లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం ఇందులో 400 ఫిలిం వేసి తీస్తే నెగెటివ్ బొగ్గులా నల్లగా వస్తుంది, ప్రింటు వేసేవాడు తల పట్టుకుంటాడు. ఎండకి 100 చాలు, 400ని మబ్బు పట్టిన రోజుకో సాయంత్రానికో ఉంచుకోండి. నెగెటివ్ ఫిలిం వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది గానీ తక్కువైతే అస్సలు ఓర్చుకోదు, అందుకే బామ్మని వసారా లోపల కుర్చీలో కూర్చోబెట్టి తీయకుండా నాలుగడుగులు అరుగు మీదకి రమ్మనండి. (ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ అనొచ్చు, ఆ అపోహ తీర్చడం నా వల్ల కాలేదు.)

"అన్నీ మసకే, లెన్స్ పోయిందేమో" అంటారు. లెన్స్ పోలేదు, చెయ్యి ఊగింది. 30వ వంతు సెకను అంటే చేతికి చాలా ఎక్కువ సేపు, మోచేతులు డొక్కలకి ఆనించి, దొరికితే స్తంభానికి వీపు ఆనించి, ఊపిరి వదిలేశాక మీటని మెల్లగా నొక్కాలి, టీవీ రిమోట్ నొక్కినట్టు పొడవకూడదు. ఇంకోటి, మనిషి మీకు కనీసం పదడుగుల దూరంలో ఉండాలి, దీనికి ఫోకస్ తిప్పేది ఏమీ లేదు కాబట్టి దగ్గరికెళ్తే ముక్కు మసక, వెనక గోడ స్పష్టం. అంచులు ఎలాగూ కొంచెం మెత్తగానే వస్తాయి, సాదా లెన్స్ కదా, దానికి తగ్గట్టే లోపల ఫిలిం కూర్చునే చోటు కూడా కాస్త వంపుగా చేశారు.

అపోహ: షట్టర్ పట్టేస్తే ఒక చుక్క కుట్టుమిషన్ ఆయిల్ వేస్తే సరి.

ఇది నేనే చేశా, నా మొదటి కెమెరాకి. రెండు రోజులు బ్రహ్మాండంగా ఆడింది, మూడో రోజుకి నూనె పాకి పల్చటి రేకు అతుక్కుపోయింది, పైగా లెన్స్ మీద జిడ్డు పొర. షట్టర్ పొడిగానే ఉండాలి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, రీలు లేకుండా ఓ యాభైసార్లు నొక్కి చూడండి, చాలావాటికి అదే వైద్యం. వెనక తలుపు తీసి ట్యూబులైటు వైపు పట్టుకుని నొక్కితే గుండ్రంగా వెలుతురు మెరవాలి, మెరిస్తే రీలు వేసుకోవచ్చు.

తోలు కేసులో భద్రంగా ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఆ తోలు తేమ పీల్చి లెన్స్‌కి ఫంగస్ పట్టిస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళూ ఉన్నారు, తవుడు లోపలికి పోవడం తప్ప లాభం లేదు, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.

సినిమాల్లో చూసి ఎర్రబల్బు కింద ఫిలిం కడిగేద్దామనుకోకండి. ఎర్రలైటు ప్రింటు వేసే బ్లాక్ అండ్ వైట్ కాగితానికి, ఫిలింకి కాదు. ఇప్పటి ఫిలింలు దాదాపు అన్నీ ఎరుపుని కూడా చూస్తాయి, అందుకే కెమెరా వెనక ఫోటో నంబరు కనిపించే ఎర్ర కిటికీకి కూడా మూత వేసి ఉంచాలి. నేను రాత్రి బాత్రూంలో తలుపు కింద తువ్వాలు కుక్కి కటిక చీకట్లో ఫిలింని కడిగే ట్యాంకులోకి (వెలుగు చొరని మూత డబ్బా) ఎక్కిస్తా, మూత పడ్డాకే లైటు.

చివరగా, ఫిలిం తిప్పకుండా రెండుసార్లు నొక్కితే కెమెరానే ఆపేస్తుందిలే అనుకుంటారు. ఆపదు, ఒకదాని మీద ఇంకో ఫోటో పడుతుంది. ఫోటో తీసిన వెంటనే కిటికీలో తర్వాతి నంబరు వచ్చేదాకా తిప్పేయాలి. మా మేనకోడలి అన్నప్రాసన రోజు గుళ్ళో తిప్పడం మర్చిపోయా, పాప నుదుటి మీద ధ్వజస్తంభం మొలిచింది. అక్క దాన్నే పెద్దది చేయించి హాల్లో తగిలించింది గానీ, అప్పట్నుంచి ఫంక్షన్లకి నన్ను ఫోన్ ఒక్కటే తెచ్చుకోమంటుంది.