పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు

గర్భనిరోధక మాత్రల పెట్టె మీద పెద్ద అక్షరాలలో కంపెనీ పెట్టిన పేరు, దాని కింద చిన్న అక్షరాలలో హార్మోన్ల పేర్లు, వాటి పక్కన మోతాదు అచ్చై ఉంటాయి. ఎన్నో నెలలుగా వాడుతున్న పేరు దొరకక, మందుల షాపులో "ఇదీ అదే మందు" అంటూ వేరే పెట్టె చేతిలో పెట్టినప్పుడు ఆ స్త్రీకి కలిగే భయం సహజమైనదే. జ్వరం మాత్ర పని చేయకపోతే మర్నాటికల్లా తెలిసిపోతుంది. ఈ మాత్ర పని చేయలేదని తెలిసేసరికి నెల తప్పి ఉంటుంది. అందువల్ల చౌకగా దొరికే జెనరిక్‌ను, అంటే అదే మందును మరో కంపెనీ తయారుచేసి అమ్మే రూపాన్ని, ధైర్యంగా వాడవచ్చని ఊరికే చెబితే సరిపోదు, ఆ ధైర్యానికి ఆధారమేమిటో కూడా చెప్పాలి.

వాడుకలో ఉన్న మాత్రలలో ఎక్కువ వాటిలో రెండు హార్మోన్లు కలిసి ఉంటాయి. ఒకటి ఈస్ట్రోజెన్, సాధారణంగా ఇథినైల్ ఎస్ట్రడియోల్. రెండవది ప్రొజెస్టిన్, అంటే లెవోనార్జెస్ట్రెల్, డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరెనోన్ వంటి వాటిలో ఏదో ఒకటి. 1938లో బెర్లిన్‌లోని షెరింగ్ సంస్థలో తయారైన ఇథినైల్ ఎస్ట్రడియోల్ మీద ఈనాడు ఏ ఒక్క కంపెనీకీ గుత్తహక్కు లేదు. 1960లో అమెరికాలో గర్భనిరోధానికి అనుమతి పొందిన తొలి మాత్ర ఎనోవిడ్‌లో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. నేటి మాత్రలలో చాలావాటిలో ఇథినైల్ ఎస్ట్రడియోల్ 20 నుంచి 35 మైక్రోగ్రాములే. మాత్రకు 30 మైక్రోగ్రాముల లెక్కన ఒక్క గ్రాము పొడి 33,000కు పైగా మాత్రలకు సరిపోతుంది. మనం చేత్తో పట్టుకునే మాత్ర బరువులో దాదాపు అంతా లాక్టోజ్, పిండిపదార్థం, రంగు వంటివే. జెనరిక్‌కూ బ్రాండుకూ తేడా ఉండేది ఈ భాగంలోనే. అంత కొద్దిపాటి హార్మోను ప్రతి మాత్రలోనూ సమానంగా పడేలా కలపడం తేలికైన పని కాదు కనుక, తయారైన మాత్రలలో కొన్నింటిని తీసి విడివిడిగా పరీక్షిస్తారు. ఆ పరీక్ష బ్రాండుకు ఒక రకంగా, జెనరిక్‌కు మరో రకంగా ఉండదు.

మాత్రలో మందు సరిగ్గా ఉన్నా అది రక్తంలోకి ఎంత చేరుతుందన్నది మరో ప్రశ్న. దీన్ని తేల్చడానికి ఆరోగ్యవంతులైన కొందరికి ఒకసారి బ్రాండు మాత్ర, కొంత విరామం తరువాత జెనరిక్ మాత్ర ఇచ్చి, పలుమార్లు రక్తం తీసి హార్మోను ఎంత ఎత్తుకు చేరిందో, మొత్తం మీద ఎంత అందిందో కొలుస్తారు. రెండింటి నిష్పత్తికి లెక్కగట్టిన 90 శాతం విశ్వాస అవధి, అంటే అసలు నిష్పత్తి ఉండగలదని గణాంకాలు అంచనా వేసే పరిధి, 80 నుంచి 125 శాతం మధ్యలో పూర్తిగా ఇమడాలి. ఈ అంకెలను చూసి "జెనరిక్‌లో మందు 20 శాతం తక్కువ ఉండవచ్చు" అని అనుకునేవారు చాలామంది ఉన్నారు, చదువుకున్నవారిలో కూడా. అది పొరపాటు. ఆ హద్దులు సగటుకు కాదు, సగటుకు అటూ ఇటూ ఉండే అనిశ్చితి మొత్తానికి. అదంతా హద్దులలో ఇమడాలంటే సగటు నూరు శాతానికి బాగా దగ్గరగా ఉండక తప్పదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1996 నుంచి 2007 వరకు తన ముందుకు వచ్చిన 2,070 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, రక్తంలోకి చేరిన మొత్తం మందులో జెనరిక్‌కూ బ్రాండుకూ సగటు తేడా 3.56 శాతమే ఉంది. ఆ అధ్యయనాలు నోటితో మింగే అన్ని రకాల మందులకూ సంబంధించినవి. ఒకే మాత్రను ఇద్దరు స్త్రీలు మింగితే వారి రక్తంలో కనిపించే తేడా ఇంతకంటే చాలా ఎక్కువగా ఉంటుంది.

కాబట్టి కూర్పు అదే అయితే జెనరిక్‌నే ఎంచుకోమని నేను నిస్సంకోచంగా చెబుతాను. కానీ "అదే" అన్న మాట దగ్గర ఆగాలి. డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాములు ఒంటరిగా ఉన్న మాత్ర వేరు, 150 మైక్రోగ్రాముల డెసోజెస్ట్రెల్‌కు ఈస్ట్రోజెన్ జోడించిన మాత్ర వేరు. మొదటిది పాలిచ్చే తల్లులకు కూడా ఇస్తారు. రెండవది ప్రసవమైన తొలి వారాలలో వాడరాదు. ప్రొజెస్టిన్ మారితే ప్రమాదపు లెక్కలు కూడా మారతాయి. రక్తనాళాలలో గడ్డలు ఏర్పడే ముప్పు, మాత్ర వాడని పదివేల మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి ఉంటే, లెవోనార్జెస్ట్రెల్ ఉన్న మాత్రలతో 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరెనోన్ లేదా డెసోజెస్ట్రెల్ ఉన్న జంట మాత్రలతో 9 నుంచి 12 మందికి ఉంటుందని ఐరోపా ఔషధ సంస్థ 2013లో అంచనా వేసింది. ఇది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసిన తేడా. పెట్టె మీది పెద్ద పేరు ఈ విషయంలో ఏమీ చెప్పదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్ట్రిప్ అమరిక. ఒక కంపెనీ 21 హార్మోను మాత్రల తరువాత హార్మోను లేని 7 ఖాళీ మాత్రలు పెడుతుంది, మరొకటి 24 తరువాత 4 పెడుతుంది. కొన్నింటిలో ఖాళీ మాత్రలకు బదులు ఇనుము మాత్రలుంటాయి, కొన్నింటిలో 21 మాత్రలే ఉండి వారం రోజులు ఏమీ ఉండదు. పాతదానిలో తెల్లగా ఉన్నవి హార్మోను మాత్రలైతే కొత్తదానిలో తెల్లవే ఖాళీవి కావచ్చు. రంగును బట్టి మింగే అలవాటున్నవారు ఇక్కడే పొరబడతారు. 2012 ఆరంభంలో ఫైజర్ సంస్థ మాత్రల వరుస తారుమారైన కారణంగా దాదాపు పది లక్షల ప్యాకెట్లను వెనక్కి తెప్పించింది. వాటిలో ఆ సంస్థ బ్రాండు మాత్రలూ ఉన్నాయి, అదే కూర్పు ఉన్న జెనరిక్ మాత్రలూ ఉన్నాయి. ఒక్కరోజు కూడా తప్పకుండా వాడితే ఏడాదిలో వెయ్యిమందిలో ముగ్గురికే గర్భం వస్తుంది. మామూలు జీవితంలో మరిచిపోతూ, ఆలస్యం చేస్తూ వాడేవారిలో వందకు ఏడుగురి దాకా వస్తుంది. ఈ అంతరం ముందు కంపెనీల మధ్య తేడా ఏపాటిది? డబ్బు సరిపోక ఒక నెల కొనకుండా ఉండిపోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

మాత్ర మార్చిన తరువాత మధ్యలో రక్తపు మరకలు కనిపిస్తే తప్పు జెనరిక్‌దేనని ముందుగా అనుకోకూడదు. మరిచిపోయిన మాత్ర, వాంతులు, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే కార్బమజెపిన్ వంటి మందులు కారణం కావచ్చు. ఈ మందులు బ్రాండు మాత్రనైనా అంతే బలహీనపరుస్తాయి. అయితే లాక్టోజ్ గానీ ఒక రంగు గానీ నిజంగా పడనివారు కూర్పులోని మిగతా పదార్థాలను కూడా చదవాలి, అవసరమైతే పాత బ్రాండుకే తిరిగి వెళ్ళవచ్చు. కూర్పు, మోతాదు, అమరిక మూడూ కలిస్తే మధ్యలో ఒక్కరోజు కూడా అదనంగా విరామం ఇవ్వనక్కరలేదు. పాత స్ట్రిప్ తరువాత కొత్తది మామూలుగా మొదలుపెట్టే రోజునే ఇదీ మొదలుపెట్టవచ్చు. ఆ రోజు వచ్చేవరకు ఖాళీ స్ట్రిప్‌ను పారేయకుండా దాచి, కొత్తదాని పక్కన పెట్టి, రెండింటి మీది చిన్న అక్షరాలను వెలుతురులో ఒక్కొక్క పదంగా సరిచూసుకోవాలి.